సవర నేర్చిన తెలుగు గురువు: గిడుగువారి భాషావాదమునకు మూలమెచ్చట?

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి (1863–1940) జీవితమును వ్రాయువారు దానిని రెండు ప్రకరణములుగా విభజించుట పరిపాటియైనది. సవరభాషాసేవ యొకటి, వ్యావహారిక భాషోద్యమము రెండవది. మొదటిదానిని వారి దయాగుణమునకును, రెండవదానిని వారి పాండిత్యమునకును ఉదాహరణముగా చూపుదురు. తరగతిలో మొదటి ప్రకరణము అయిదు నిమిషములలో ముగియును. రెండవది ఒక పక్షము నడచును. మేమును ఇంతకాలము అట్లే చెప్పితిమి. ఈ విభాగము సరికాదనియు, రెండవ ప్రకరణమునకు బీజము మొదటిదానియందే కలదనియు ఇచట ప్రతిపాదింపదలచితిమి. మాతృభాష యననేమో పంతులుగారికి తెలిసినది తెలుగు వ్యాకరణములు చదివినందున కాదు, పెద్దవయసున ఒక పరభాషను నోటితో నేర్చుకొన్నందున అని మా వాదము.

విషయము తెలిసినదే కనుక జీవితాంశములను క్లుప్తముగా చెప్పి ముందునకు పోవుదుము. పంతులుగారు శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. విజయనగరమున చదువుకొనిరి, గురజాడ అప్పారావుగారు అచట వారి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ యూరి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుచుండిరి, నేడును నివసించుచున్నారు. సంతకు దిగివచ్చిన సవర తెలుగో ఒడియాయో మాటాడవలసినదే కాని, దుకాణదారు సవర మాటాడుట అరుదు. ఈ స్థితిలో, తెలుగును సవరను రెండును ఎరిగిన ఒక వ్యవహర్తను పంతులుగారు తమ యింటనే యుంచుకొని ఆ భాషను నేర్వ మొదలిడిరి. ఆ యభ్యాసము అనేక సంవత్సరములు సాగినది. తరువాత ఆ భాషలోనే వాచకములు కూర్చి, తమ సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములు తామే చెల్లించిరి. 1913లో మద్రాసు ప్రభుత్వము వారికి రావు బహదూరు బిరుదము నిచ్చినది ఈ కృషికే. మన సాహిత్యచరిత్రలు పంతులుగారి పేరును చెప్పినంతగా వారికి సవర నేర్పిన గురువు పేరును చెప్పవు. ఇది చిన్నలోపము కాదు. ఆ గురువునకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపియు లేదు. అయినను అతడు చెప్పినదే ప్రమాణము.

ఆ ప్రమాణము ఎట్టిదో కొంత నిలిచి చూడవలెను. సవర ద్రావిడభాష కాదు. అది ముండాభాషలలో నొకటి. ఆ శాఖ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబమునకు చెందినది. కనుక తమిళము నేర్చుకొను తెలుగువానికి అడుగడుగున దొరకు చుట్టరికపు మాటలు సవర నేర్చువానికి దొరకవు. మొదటి చిక్కు చెవియందే కలుగును. తెలుగు మాట అచ్చుతో ముగియుట మనకు ఎంత సహజమనగా, హలంతమైన పరభాషాపదము దొరకిన వెంటనే దానికి ఒక ఉకారమును తగిలించి ‘బస్సు’, ‘రైలు’ అని చేసికొందుము. సవరలో పదాంతమున బిగిసిన హల్లులు వచ్చును. గొంతు బిగియును, నోరు మూతపడును, గాలి మాత్రము వెలికి రాదు. తెలుగు చెవి యట్టి చోట ఒక అచ్చును కల్పించుకొనును, లేదా హల్లునే పోగొట్టుకొనును.

ఆరేడేండ్ల క్రిందట సవర ఇంటిభాషగా గల పరిశోధక విద్యార్థి యొకడు మా తరగతిలో నుండెను. అట్టి మాటనొకదానిని పలుకుమని మేము ఆతనిని కోరితిమి. మూడుమారులు పలికెను, మూడుమారులును మేము తప్పుగా వ్రాసికొంటిమి. నాలుగవమారు ఆతడు వినయముగనే, “మాస్టారూ, నేను పూర్తిగానే అంటున్నానండి, మీకే సగం వినబడుతోంది” అనెను. ధ్వనిశాస్త్రము బోధించి జీతము గొనుచున్న మాకు అంత సూక్ష్మమైన విమర్శ అంతకుముందెవ్వరును చేసియుండలేదు.

చెవికి తరువాత బుద్ధికి చిక్కు. తెలుగులో ‘చేపట్టు’, ‘తలపెట్టు’ వంటి క్రియలు కలవు. ‘చేయి’ కురుచయై ‘చే’ యగును, క్రియతో కలిసిపోవును. ఇవి మనకు కొలదిమాత్రమే. కొత్తవానిని ఇష్టము వచ్చినట్లు కల్పించుకొనలేము. సవరలో ఈ విధానము విరివిగా నడచును. ఒక్కొక్క నామమునకు విడిగా నిలుచు నిండురూపము ఒకటి, క్రియలో చేరు కురుచరూపము ఒకటి యుండును. అంతేకాదు, తెలుగులో ఎన్నడును జరుగనిది అచట జరుగును: కర్తయే క్రియలోనికి దూరును. ‘పులి నిన్ను పట్టును’ అను అర్థమును సవర ఒక్క క్రియాపదముతో చెప్పగలడు. పట్టుటయు, పులియు, నీవును అందే యుందురు. కర్త, కర్మ, క్రియ అని మూడు గళ్లు గీచుకొని పోయిన తెలుగు పండితునికి ఆ పదము ఏ గడిలోను ఇముడదు.

లెక్కలు మరియొకటి. మనము పదిమీద మూడును ‘పదమూడు’ అందుము. సవర పండ్రెండువరకు విడిమాటలతో లెక్కించి, పదమూడును ‘పండ్రెండు–ఒకటి’ యనును. అట్లు ఇరువదివరకు పోయి, అటుపైన ఇరువదులతో లెక్కించును. ముప్పదిమూడు వానికి ‘ఇరువది–పండ్రెండు–ఒకటి’. ఇట్టి లెక్క నోటనుండగా బడికి వచ్చిన బాలునకు ‘పదమూడు’ అని చెప్పి, అతడు తడబడిన యెడల ‘మందమతి’ యని వ్రాసికొను ఉపాధ్యాయుడు బాలుని బుద్ధిని పరీక్షించుట లేదు. తన మాతృభాషను అతడెంత యెరుగునో పరీక్షించుచున్నాడు. పంతులుగారు సవర బడులలో సవరనే బోధనభాషగా పెట్టుటకు ఇంతకన్న వేరొక సిద్ధాంతము అక్కరలేదు. ఇట్టి బాలుని తమ యెదుట కూర్చుండబెట్టుకొనుటకు ముందు, వారే యట్టి విద్యార్థియై మరియొకని యెదుట కూర్చుండిరి. వారు నేర్చిన క్రమమే వారి బోధనక్రమమైనది.

ఈ అభ్యాసము వారికి శరీరనష్టమును కూడ కలిగించినది. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వారి వినికిడి చెడెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. భాష చెవులకు సంబంధించినదే కాని కన్నులకు కాదని జీవితాంతము వాదించినవారు చెవులను ఆ భాషకొరకే పోగొట్టుకొనిరి.

ఇప్పుడు 1907కు వత్తము. జె. ఎ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆయన తెలుగు నేర్చుకొనుచుండెను. బడిలో పండితుడు పిల్లలకు తెలుగు పాఠము చెప్పు విధానము ఆయనకు బోధపడలేదు. ప్రజలు మాటాడునది ఒకటి, పుస్తకమున నున్నది ఒకటి. ఈ భేదమేల యని అడిగెను. విశాఖపట్నమున కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ గిడుగులే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారని చూపిరి. ఉద్యమము ఇట్లు ప్రారంభమైనదని అందరును వ్రాయుదురు. ఆ ప్రశ్న అడిగినవాడు పరభాషాభ్యాసి యను సంగతిని మాత్రము ఎవరును పట్టించుకొనరు. తెలుగువాడు ఈ ప్రశ్న వేయడు. ‘వస్తాను’ అని పలికి ‘వచ్చెదను’ అని వ్రాయుట అతనికి తెల్లచొక్కా తొడిగి ఊరికి పోవుట వంటిది. కొత్తగా నేర్చువాడే రెండును వేరువేరుగా నేర్వవలసివచ్చి, ఇది ఒక భాషయా రెండు భాషలా యని అడుగును.

ఇట్టివారు యేట్సుకు పూర్వము లేకపోలేదు. క్యాంబెలు 1816లోను, బ్రౌను 1840లోను, ఆర్డెను 1873లోను ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు వెలయించిరి. నేర్చుకొను పరాయివారికొరకు వ్రాసినవి గనుక వాడుకరూపములు వానిలో చోటు చేసికొనక తప్పలేదు. వాని నడుమ 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునకు ఆ యవసరము లేదు. దానిని చదువు బాలునకు తెలుగు వచ్చునని సూరి ఎరుగును, రానిది కావ్యభాష. కావున అది కావ్యభాషనే చెప్పును. ఈ భేదమును పాండిత్యాపాండిత్యముల భేదముగా మాత్రమే చూచుట పొరపాటు. ఎవనికి ఏది రాదో, ఆ వ్యాకరణము వానికి దానినే చెప్పినది.

ఇచటనే పంతులుగారి విశేషము. అంతవరకు తెలుగును పరాయివాని కంటితో చూచినవారు పరాయివారే. పంతులుగారు తెలుగువారైయుండియు, మరియొక భాషయెదుట తాము పరాయివారై, ఆ కన్నును సంపాదించుకొని వచ్చిరి. యేట్సు ప్రశ్న వినినప్పుడు దాని స్వరూపము వారికి పరిచితమై యుండవలెను. సవర బాలునకు తెలుగు ఎట్టిదో, తెలుగు బాలునకు గ్రాంథికము అట్టిది: ఇంట లేనిది, వీథిలో లేనిది, బడిలోనే యున్నది. పండితుడు ‘వచ్చెదను అనగా వస్తాను’ అని చెప్పినప్పుడు దానిని మనము అర్థము చెప్పుట యందుము. అది నిజముగా అనువాదమే. తెలుగు బడిలో తెలుగు పేర జరుగుచున్నది ద్వితీయభాషాబోధన. అయితే అట్లని ఒప్పుకొనని బోధన. ఒప్పుకొనినచో దానికి తగిన క్రమమును, కాలమును, ఓర్పును కేటాయింపవలసి వచ్చును. ఒప్పుకొననందున బాలుడు తన మాతృభాషలోనే తప్పినవాడగుచున్నాడు.

ఈ దృష్టితో చూచిన యెడల ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ (1933) యొక్క స్వభావము మారును. గ్రాంథికవాదులైన పండితుల రచనలలోని వ్యాకరణదోషములను పంతులుగారు అందు ఎత్తిచూపిరి. దీనిని ఎత్తిపొడుపుగా చదివి నవ్వుకొనుట మనకు అలవాటు. పేరును అందుకు తగినట్లే యున్నది. కాని ఆ దోషములు ఎట్టివో గమనింపుడు. నోట తేడా లేని రెండు రకారములను వ్రాతలో వేరుచేయుట, పలుకులో లేని అరసున్నను ఉంచవలసిన చోట ఉంచుట, ద్రుతముమీది పరుషమును సరళము చేయుట: ఇట్టి చోట్ల పుట్టు తప్పులు మాతృభాషలో మాటాడువాడు చేయునవి కావు. పరభాషను నియమములు చూచి నేర్చినవాడు, నియమము గుర్తు తప్పినపుడు చేయునవి. జర్మను నేర్చువాడు నామమునకు లింగము తప్పినట్టివే. జీవితమంతయు గ్రాంథికమును సేవించిన పండితుడును అందు నేటికిని అభ్యాసియే యని పంతులుగారు నిరూపించిరి. తప్పులు పట్టుట వారి ఉద్దేశము కాదు. ఆ తప్పులు సాక్ష్యములు.

(ఈ వ్యాసమునకును ఆ సాక్ష్యము వర్తించును. మేము వ్రాయుచున్న ఈ భాష మా తల్లి మాకు నేర్పినది కాదు. అరసున్నలను, బండిరాను భయముచేతనే విడిచితిమి. మా విద్యార్థి మాటను మాత్రము ఆతడు పలికినట్లే ఉంచితిమి. దానిని గ్రాంథికమున వ్రాయబూనగా అది ఆతని మాటగా మిగులలేదు.)

మా వాదముపై రెండు ఆక్షేపణములు రాగలవు. గురజాడవారు సవర నేర్వలేదు. అయినను 1897 నాటి కన్యాశుల్కమున వాడుకభాషను ప్రతిష్ఠించిరి కదా యనునది మొదటిది. ఇది బలమైన ఆక్షేపణమే. సవరాభ్యాసము లేనిదే వ్యావహారికవాదము పుట్టదని మేము చెప్పుట లేదు. గిడుగువారి వాదము ఈ రూపమున పుట్టదని మాత్రమే చెప్పుచున్నాము. గురజాడవారు నాటకమునుండి, సంఘమునుండి వచ్చిరి. పాత్ర నోరు తెరచినప్పుడు ఏ భాష రావలెనన్నది వారి ప్రశ్న. గిడుగువారు బడినుండి వచ్చిరి. బాలుడు నోరు తెరచినప్పుడు ఏ భాష వచ్చుచున్నదన్నది వారి ప్రశ్న. గురజాడవారి 1914 నాటి అసమ్మతిపత్రమును, గిడుగువారి రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన పరిశోధకునకు ఈ తేడా తెలియకపోదు. మొదటివారు రసజ్ఞులుగా వాదింతురు. రెండవవారు ప్రయోగములను ప్రోగుచేయుదురు. ‘గద్యచింతామణి’ వంటి సంకలనము చేయు ఓపిక, మాటమాటను వ్యవహర్త నోటనుండి ఏరి వ్రాసికొనినవానికి కలుగు ఓపిక.

రెండవ ఆక్షేపణము: పంతులుగారు పాశ్చాత్య భాషాశాస్త్రమును చదివిరి, వాదము అచటినుండి వచ్చినది అని. ఐరోపాలో భాషాబోధన సంస్కరణము 1882లో వియెటరు కరపత్రముతో బయలుదేరి, స్వీటు (1899), యెస్పర్సెను (1904) గ్రంథములతో ఆంగ్లపాఠకులకు అందినది. పలుకుబడియే మొదట, వ్రాత తరువాత అను సూత్రము వారిదే. పంతులుగారు ఆ శాస్త్రమును శ్రద్ధగా చదివిరనుటలో సందేహము లేదు. కాని పుస్తకమున చదివిన సూత్రమునకై ఎవరును ముప్పదేండ్లు పోరాడరు. ఆ గ్రంథములను చదివిన తెలుగువారు వారొక్కరే కారు కూడ. లిపిలేని భాషను నేర్చినవానికి ‘పలుకు మొదటిది’ యనునది సూత్రము కాదు. అచట రెండవది లేనే లేదు.

ఇంతవరకు ప్రశంస. ఇక పంతులుగారి వాదమున మాకు కొరతగా తోచిన విషయము చెప్పవలెను. సవరలో వారు వ్యవహర్త నోటిమాటను ప్రమాణముగా గైకొనిరి. అతడు చదువుకొన్నవాడా, ఏ యింటివాడా యని అడుగలేదు. తెలుగునకు వచ్చినప్పుడు వారు కోరినది శిష్టవ్యావహారికము. చదువుకొన్నవారి వాడుకయే వ్రాతకు ఒరవడి యనిరి. బడికిని అచ్చునకును ఒక సామాన్యరూపము కావలెనను అక్కర మాకు తెలియును. పోరాటమున ఒక్కసారి అన్ని తలుపులను తట్టరాదనియు తెలియును. అయినను కొండమీద అంగీకరించిన సూత్రమును మైదానమున సగము విడిచిరన్నది నిజము. శిష్టుల ఇంట పుట్టని తెలుగు బాలునకు శిష్టవ్యావహారికమును కొంతవరకు నేర్వవలసిన భాషయే. గ్రాంథికమునకును అతనికిని నడుమనున్న దూరము తగ్గినది, పోలేదు. కళింగాంధ్రమునుండియు తెలంగాణమునుండియు వచ్చు మా విద్యార్థులు మొదటి సంవత్సరము వ్యాసములలో పడు బాధను చూచుచు ఈ మాట వ్రాయుచున్నాము.

మరియొకటి. వారి సవర వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము 1931లో అచ్చువేసినది. సవర–ఆంగ్ల నిఘంటువును 1938లో. రెండును ఆంగ్లమున నున్నవి. ధ్వనులను గుర్తించుటకు వాడినది రోమను లిపి. తెలుగులిపి చాలదని వారు కాంచిన హేతువు పైన చెప్పిన బిగిసిన హల్లులను బట్టియే గ్రహింపవచ్చును. కాని దీని ఫలమేమి? లోకమునందలి ముండాభాషాశాస్త్రజ్ఞులు నేటికిని ఆ గ్రంథములను తడవుదురు; క్రియలో పులి దూరుటకు వారిచ్చిన ఉదాహరణము పలుచోట్ల ఉదాహృతమైనది. పర్లాకిమిడి సంతలోని తెలుగు వర్తకునకు మాత్రము అవి అందలేదు. సవర తెలుగు నేర్చుట జీవనమునకై. తెలుగువాడు సవర నేర్చుట దయకై, శాస్త్రమునకై, ఉద్యోగమునకై. ఈ యసమత్వమును పంతులుగారు తమ యింట తుడిచివేసిరి. తమ పుస్తకములచేత తుడిచివేయలేకపోయిరి.

తరువాతి కథ కొంత ఆశ్చర్యము, కొంత విచారము కలిగించును. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినది. దానికి సమ్మతింపని పంతులుగారు ఏబదియేండ్లకు పైగా నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అదే సంవత్సరమున మంగై గొమాంగో సవరకు ‘సోరంగ్ సంపెంగ్’ అను సొంత లిపిని కల్పించిరి. తెలుగువారు తమ భాషకు ఎల్ల గీయబడినదని దుఃఖించుచున్న యేటనే, ఆ ఎల్లకు రెండు వైపులను చీలిపోయిన సవరలు తమ భాషకు అక్షరములు కూర్చుకొనిరి. నేడు ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశమున శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాలలోను సవరలు కలరు. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అది కార్యరూపము దాల్చుటకు దాదాపు అర్ధశతాబ్ది పట్టినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో సవరతో కూడ ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక బోధన ఆరంభమైనది, ఒడిశాలో 2007లో. ఇచట సవర వాచకములు తెలుగులిపిలో, అచట ఒడియాలిపిలో. రోమను లిపియు, సోరంగ్ సంపెంగు లిపియు వేరుగా నున్నవి. కొండకు ఇవతల చదివిన సవర బాలుడు అవతల చదివిన తన మేనమామ కొడుకు వ్రాసిన ఉత్తరమును చదువలేడు. తన భాషలోని ఉత్తరమునే.

ఈ వాచకములు బాలుని సవరలో నిలుపుటకా, తెలుగునకు చేర్చుటకా యను ప్రశ్నను వానిని కూర్చువారు తప్పించుకొనలేరు. రెండును కావలెననుటలో వివాదము లేదు. పంతులుగారి బడులనుండి గ్రహింపదగినది క్రమము: మొదట తెలిసినది, దానిమీద తెలియనిది. ఒకటి రెండు తరగతులు గడచిన వెంటనే మాతృభాషను మెట్టువలె దాటి విడిచివేసినచో, అది బోధనభాష కాదు, ప్రలోభము మాత్రమే. అట్లు విడిచినచోట ‘పండ్రెండు–ఒకటి’ మరల ‘పదమూడు’నకు తప్పుగా లెక్కింపబడును.

పరిశోధకులకు ఇచట పని మిగిలియున్నది. 1938 నాటి నిఘంటువులోని తెలుగు ఎరువుమాటలను ఏరి, అవి ఏ యే వ్యవహారములకు సంబంధించినవో, పదాంతమున సవరచేత ఏ రూపము పొందినవో పరిశీలించినచో, సంతలో ఎవరు ఎవరి భాషను ఎంతవరకు నేర్చిరో తెలియగలదు. తెలుగులోనికి సవర మాటలు ఎన్ని వచ్చినవో దానితో పోల్చవలెను. పైన చెప్పిన విద్యార్థి మొదటి భాగమును పూనుకొనియున్నాడు. రెండవ భాగమునకు సవర నేర్చిన తెలుగు విద్యార్థి యొకడు కావలెను.